ఏటా ఒకటి, పదేళ్లకొకటి: పెద్దపేగు పరీక్షల వెనుక లెక్క

మా బావమరిది డల్లాస్‌లో ఉంటాడు. నలభై అయిదు నిండిన నెలలోనే వాళ్ల డాక్టరు దగ్గర్నుంచి కబురొచ్చింది: పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టే వయసు వచ్చింది, పద్ధతులు రెండున్నాయి, మీకేది వీలో చెప్పండి అని. ఒకటి, పోస్టులో ఇంటికొచ్చే చిన్న డబ్బా. అందులోని పుల్లతో మలం రవ్వంత తీసి, మూత పెట్టి, తిరిగి పోస్టులో వేస్తే చాలు. రెండోది కొలనోస్కోపీ. ముందు రోజు పస్తు, రాత్రంతా విరేచనాలు, మర్నాడు ఆసుపత్రిలో మత్తు, పేగులోకి కెమెరా.

"బావా, డబ్బా అయితే ఏటా చేయాలట. కెమెరా అయితే పదేళ్లకోసారి చాలట. ఒకే జబ్బుకి అంత తేడా ఏమిటి? రెండూ ఒకటేనన్నట్టు ఎలా చెబుతారు?" అని ఫోన్లో అడిగాడు.

నిజంగా అడగాల్సిన ప్రశ్నే. ఈ క్యాన్సర్ ఎంత నిదానంగా పెరుగుతుందో తెలిస్తే ఆ రెండు గడువులూ ఎక్కణ్నుంచి వచ్చాయో అర్థమవుతుంది. అందుకోసం ముందు పెద్దపేగు గోడను దగ్గర్నుంచి చూద్దాం.

పేగు గోడలో చెలమలు

పెద్దపేగు సుమారు అయిదడుగుల గొట్టం. పొట్టలో కుడివైపు కింద మొదలై, పైకెక్కి, అడ్డంగా ఎడమవైపుకు సాగి, కిందికి దిగి మలద్వారం దగ్గర ముగుస్తుంది. చిన్నపేగు నుంచి గంజిలా వచ్చిన వ్యర్థంలోని నీటిని పీల్చుకోవడం దీని ముఖ్యమైన పని. లోపలి పొర కంటికి నున్నగా కనిపిస్తుంది. మైక్రోస్కోపు కింద పెడితే మాత్రం గోడ పొడవునా లక్షలాది సన్నటి గుంటలు.

ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమ తీసిన వారికి ఈ గుంటల తీరు ఇట్టే బోధపడుతుంది. చెలమలో నీరు అడుగున ఊరుతుంది, పైకి వస్తుంది, పైనున్నది మనం తోడుకుంటాం. పేగు గుంట అడుగున కొద్దిపాటి మూలకణాలు ఉంటాయి. అవి విడివడుతూ కొత్త కణాలను పుట్టిస్తాయి. కొత్త కణాలు గోడ వెంబడి పైకి జరుగుతూ, విడివడటం మానేసి, పనిలో కుదురుకుని, చివరికి అంచు దగ్గర రాలి మలంతో పోతాయి. పుట్టుక నుంచి రాలిపోవడం దాకా నాలుగైదు రోజులే. అంటే పోయిన వారం మీ పేగులో ఉన్న పొర ఈ వారం లేదు.

రాపిడి, ఆమ్లాలు, కోటానుకోట్ల బ్యాక్టీరియా ఉన్న చోట ఇంత వేగంగా పొర మార్చుకోవడం అవసరమే. కానీ దానికో ఖరీదుంది. కణం విడివడిన ప్రతిసారీ సుమారు 600 కోట్ల జన్యు అక్షరాలను తిరిగి రాసుకోవాలి. అన్నిసార్లు రాస్తే ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. తప్పు పైకి జరిగే కణంలో పడితే నాలుగు రోజుల్లో అది రాలిపోతుంది, తప్పూ దాంతోనే పోతుంది. అడుగున ఉండిపోయే మూలకణంలో పడితే పోదు. ఆ చెలమలో ఇక ఊరేదంతా ఆ తప్పుతోనే ఊరుతుంది.

ఒక తప్పు చాలదు

అంతమాత్రాన క్యాన్సర్ రాదు. 1990లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ ఫియరాన్, బెర్ట్ వోగెల్‌స్టైన్ ఈ దారిని మెట్లు మెట్లుగా గీసి చూపించారు. సాధారణంగా మొదట దెబ్బతినేది ఏపీసీ అనే జన్యువు. "ఇక చాలు, ఆగు" అని కణానికి చెప్పేది అదే. ఆ మాట చెప్పేవాళ్లు లేకపోతే పైకొచ్చిన కణాలు విడివడుతూనే ఉంటాయి, రాలాల్సినవి అక్కడే పోగుపడతాయి. ఆ పోగే పాలిప్. కొన్ని పుట్టగొడుగులా కాడ మీద నిలబడతాయి, కొన్ని పులిపిరిలా గోడకు అంటుకుని ఉంటాయి.

తర్వాత తరచుగా దెబ్బతినేది కేరాస్ జన్యువు. పెరుగుదలకు అది యాక్సిలరేటర్ లాంటిది, దెబ్బతింటే అదుముకుపోయి ఉండిపోతుంది. ఆ తర్వాత పీ53. పాడైన కణాన్ని ఆపి, బాగుచేసే వీలు లేకపోతే చంపేసే కావలి అది. ఆ కావలి కూడా పోయాక కణాలు గోడను తొలుచుకుని లోపలి పొరల్లోకి దిగుతాయి. అప్పుడది క్యాన్సర్.

ఒక తప్పుకీ మరో తప్పుకీ మధ్య ఏళ్లు పడుతుంది. చిన్న పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే పడుతుంది. పైగా చాలా పాలిప్‌లు అంతదూరం వెళ్లవు.

పొలం గట్టు మీద తుమ్మ మొక్క మొలిస్తే రెండు వేళ్లతో పీకేయవచ్చు. మాను అయ్యాక గొడ్డలి కావాలి, అప్పటికి వేళ్లు పక్క చేలోకీ పోతాయి. పెద్దపేగు క్యాన్సర్ మనకు పీకేసే గడువు పదేళ్లు ఇస్తుంది. ఇంత గడువిచ్చే క్యాన్సర్లు ఎక్కువ లేవు. అయినా 2022లో ప్రపంచంలో సుమారు 19 లక్షల మందికి ఇది కొత్తగా వచ్చింది, దాదాపు 9 లక్షల మంది దీనివల్ల చనిపోయారు. ఇచ్చిన గడువు వాడుకోకపోవడం వల్ల పోయిన ప్రాణాలు అందులో ఎన్నో ఉన్నాయి. నాకు బాధనిపించేది అదే.

మొదటి దారి: చూసి తీసేయడం

ఒకప్పుడు పేగులో పాలిప్ ఉందంటే పొట్ట కోయాల్సిందే. 1969లో న్యూయార్క్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో హిరోమి షిన్యా అనే జపనీస్ సర్జన్ ఆ పరిస్థితిని మార్చాడు. కొలనోస్కోపు గొట్టంలోంచి సన్నటి తీగ ఉచ్చును పంపి, పాలిప్ కాడకు బిగించి, కరెంటుతో కోసి బయటికి తీశాడు. అప్పటిదాకా కొలనోస్కోపు కేవలం చూసే పరికరం. ఆ ఉచ్చుతో అది క్యాన్సర్ రాకుండా ఆపే పరికరం అయింది.

తెర మీద చూస్తే శుభ్రమైన పేగు లేత గులాబీ రంగులో, తడిగా మెరుస్తూ ఉంటుంది. రక్తనాళాలు చెట్టు కొమ్మల్లా విస్తరించి కనిపిస్తాయి. ఆ కొమ్మల గీత ఎక్కడైనా తెగితే, రంగు కాస్త మారితే డాక్టరు అక్కడ ఆగుతారు. పాలిప్ గోడకు అంటుకుని ఉంటే దాని కింద సూదితో ద్రవం ఎక్కించి బొబ్బలా పైకి లేపుతారు, తర్వాత ఉచ్చు వేస్తారు. ఆ కోత నొప్పి తెలియదు, లోపలి పొరకు కోత నొప్పి తెలిసే నరాలు లేవు.

ఈ పరీక్ష మంచిచెడ్డలు రెండు విషయాల మీద ఆధారపడతాయి. ఒకటి డాక్టరు ఓపిక: గొట్టాన్ని చివరిదాకా పంపాక వెనక్కి తీస్తూ గోడను వెతకడానికి కనీసం ఆరు నిమిషాలు పెట్టాలన్నది చాలాకాలం ప్రమాణం, 2024లో అమెరికా నిపుణులు దాన్ని ఎనిమిదికి పెంచారు. రెండోది మన పేగు శుభ్రత. ముందు రోజు పౌడరు కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగమనేది అందుకే. రెండు మూడు రోజుల ముందు నుంచే ఆకుకూరలు, జామపండు, నువ్వులు, టమాటా గింజలు మానేయాలి. ఒక్క గింజ చిన్న పాలిప్‌ను కప్పేయగలదు. ముందు రోజు మజ్జిగ వద్దు, కొబ్బరినీళ్లు, వడకట్టిన తేట చారు పర్వాలేదు. ఎర్రరంగు పానీయాలు వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి. ఐరన్ మాత్రలు, రక్తం పలుచనయ్యే మందులు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ప్రమాదం బొత్తిగా లేదనలేం. 10,000 కొలనోస్కోపీల్లో సుమారు మూడింటిలో పేగుకు రంధ్రం పడుతుంది, పదిహేనింటిలో చెప్పుకోదగ్గ రక్తస్రావం అవుతుంది. పాలిప్‌లు తీసినప్పుడు ఈ ముప్పు కాస్త ఎక్కువ.

రెండో దారి: జాడ పట్టుకోవడం

పెరిగిన పాలిప్, క్యాన్సర్ రెండూ పెళుసుగా ఉంటాయి. మలం రాసుకుంటూ పోయినప్పుడు వాటి నుంచి కంటికి కనిపించనంత రక్తం అంటుకుంటుంది. ఆ జాడను వెతికేదే పోస్టులో వచ్చిన డబ్బా. దాని పేరు ఫిట్.

దీనికంటే ముందు ఒక పాత పరీక్ష ఉండేది. గ్వాయకం అనే చెట్టు జిగురు పూసిన అట్టముక్క మీద మలం రాసి పెరాక్సైడ్ చుక్క వేస్తే, రక్తం ఉంటే నీలంగా మారేది. 1993లో అమెరికాలోని మిన్నెసోటాలో 46,551 మంది మీద చేసిన అధ్యయనం, ఈ పరీక్షను ఏటా చేస్తే పెద్దపేగు క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గుతాయని తేల్చింది. కాకపోతే ఆ అట్టకు మనిషి రక్తమో మేక రక్తమో తెలియదు. ముందు రోజు తిన్న మటన్ కూడా నీలం రంగు చూపించగలదు.

ఫిట్‌లో ప్రతిరక్షకాలు ఉంటాయి. అవి మనిషి రక్తంలోని గ్లోబిన్ అనే ప్రొటీన్‌కే అతుక్కుంటాయి, తాళానికి దాని తాళంచెవే పట్టినట్టు. అందుకే పథ్యం అక్కర్లేదు. ఇంకో సౌకర్యం: జీర్ణాశయంలో కారిన రక్తంలోని గ్లోబిన్ పెద్దపేగుకు చేరేలోపే అరిగిపోతుంది. కాబట్టి ఫిట్‌లో జాడ దొరికితే చూపు పెద్దపేగు వైపే తిరుగుతుంది.

చేసుకోవడం తేలిక. మలం నీళ్లలో పడకుండా కాగితమో కవరో పరచాలి. మూతకు ఉన్న పుల్ల చివర సన్నటి గాడులుంటాయి. దాంతో మలం పైపొరను నాలుగైదు చోట్ల గీసి, గాడులు నిండితే చాలు, డబ్బాలోకి దించి మూత బిగించాలి. లోపలి ద్రవం నమూనాను కాపాడుతుంది.

పదేళ్లకు ఒక లెక్క, ఏడాదికి ఒక లెక్క

ఇప్పుడు మా బావమరిది ప్రశ్నకు వద్దాం.

కొలనోస్కోపీ చిన్న పాలిప్‌లను కూడా చూస్తుంది. బాగా చేసిన పరీక్షలో పేగు శుభ్రంగా ఉందంటే, క్యాన్సర్ రావడానికి కొత్త చెలమలో కొత్త తప్పు పడాలి, అది మెట్లన్నీ ఎక్కాలి. అందుకు సుమారు పదేళ్లు. పదేళ్ల గడువు అక్కణ్నుంచి వచ్చింది. పాలిప్‌లు దొరికితే మాత్రం ఆ గడువు ఉండదు, వాటి సంఖ్య, సైజు, రకాన్ని బట్టి డాక్టరు మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతారు.

ఫిట్ పెద్ద కన్నుల వల. 100 మందికి క్యాన్సర్ ఉంటే ఒకసారి చేసిన పరీక్షలో సుమారు 75 మందిని పట్టుకుంటుంది. క్యాన్సర్‌కు దగ్గరైన పెద్ద పాలిప్‌లైతే నాలుగింట ఒకటే దొరుకుతుంది, ఎందుకంటే అవి రోజూ రక్తం కార్చవు. ఒక్కసారి చేసి ఊరుకుంటే ఇది చాలా తక్కువ. కానీ చేప చెరువులోనే ఉంటుంది, పైగా ఏటికేడు పెరుగుతుంది. ఆ పదేళ్లలో పదిసార్లు వల వేస్తే, ఈ ఏడు జారిపోయింది వచ్చే ఏడో ఆపై ఏడో చిక్కే అవకాశం పెరుగుతూ పోతుంది.

అంటే రెండు పరీక్షలూ ఆ పదేళ్ల మీదే నిలబడ్డాయి. కెమెరా ఒక్కరోజులో మొత్తం చెరువును చూసి వస్తుంది. డబ్బా ఏటా ఒకసారి వల వేస్తుంది. రెండేళ్లు వేసి మూడో ఏడు మర్చిపోతే ఈ లెక్క చెదిరిపోతుంది.

> ఫిట్ పాజిటివ్ వస్తే
>
> క్యాన్సర్ ఉన్నట్టు కాదు. మొలల వల్ల కూడా రావచ్చు. కానీ తర్వాతి మెట్టు కొలనోస్కోపీయే, మరో ఫిట్ కాదు. రెండోసారి నెగెటివ్ వచ్చిందని మొదటి ఫలితాన్ని కొట్టేయకూడదు, ఆ రోజు రక్తం కారకపోయి ఉండవచ్చు. నెలల తరబడి వాయిదా వేస్తే ముప్పు పెరుగుతుందని అధ్యయనాలు చూపాయి. కొలనోస్కోపీకి ససేమిరా అనేవారు ఫిట్ చేయించుకున్నా పెద్దగా ప్రయోజనం లేదు.

జనం వస్తేనే పరీక్ష

కాగితం మీద చూస్తే కొలనోస్కోపీదే పైచేయి. జనంలోకి వెళ్లేసరికి లెక్క మారింది. 2022లో వెలువడిన నార్డిక్ అధ్యయనంలో పోలండ్, నార్వే, స్వీడన్‌లలో కొలనోస్కోపీకి రమ్మని పిలిస్తే వచ్చినవారు 100కి 42 మందే. పిలిచిన వారందరినీ లెక్కలోకి తీసుకుంటే పదేళ్లలో క్యాన్సర్ ముప్పు 18 శాతం తగ్గింది. రానివారికి ఏ పరీక్షా మేలు చేయదు కదా.

స్పెయిన్‌లో యాభై వేలకు పైగా మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ఒకసారి కొలనోస్కోపీకి పిలుపు, మరో జట్టుకు అక్కడి పద్ధతి ప్రకారం రెండేళ్లకోసారి ఫిట్‌కు పిలుపు. 2025లో పదేళ్ల ఫలితం వచ్చింది. ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు కొలనోస్కోపీ జట్టులో 0.22 శాతం, ఫిట్ జట్టులో 0.24 శాతం. దాదాపు సమానం. పాల్గొన్నవారు మాత్రం కొలనోస్కోపీ జట్టులో 32 శాతం, ఫిట్ జట్టులో 40 శాతం. పదును తక్కువైనా ఎక్కువమంది చేయించుకున్న పరీక్ష, పదునైన పరీక్షతో సమంగా నిలిచింది.

> మిగతా పద్ధతులు
>
> మలంలో డీఎన్ఏ పరీక్ష: రక్తం జాడతో పాటు దెబ్బతిన్న జన్యువుల జాడనూ చూస్తుంది. 2014లో అమెరికాలో అనుమతి పొందిన కొలోగార్డ్ 100 క్యాన్సర్లలో 92 పట్టింది, కానీ ఏ జబ్బూ లేనివారిని ఫిట్ కంటే ఎక్కువగా కంగారుపెడుతుంది. ఒకటి నుంచి మూడేళ్లకోసారి చేయాలి.
>
> సీటీ కొలనోగ్రఫీ: స్కానింగ్‌తో పేగు బొమ్మ తీస్తారు. అయిదేళ్లకోసారి. పేగు శుభ్రం చేసుకోవడం దీనికీ తప్పదు. పాలిప్ కనిపిస్తే తీయడానికి మళ్లీ కొలనోస్కోపీ కావాలి.
>
> రక్తపరీక్ష: 2024లో అమెరికాలో షీల్డ్ అనే పరీక్షకు అనుమతి వచ్చింది. క్యాన్సర్లలో సుమారు 83 శాతం పట్టినా, పెద్ద పాలిప్‌లలో 13 శాతమే పడుతుంది. వచ్చిన క్యాన్సర్‌ను కనిపెట్టడంలో ఉన్న బలం రాకుండా ఆపడంలో లేదు.

మన ఊళ్లలో సంగతి

అమెరికాలో క్యాన్సర్ సొసైటీ 2018లో, ప్రభుత్వ నిపుణుల బృందం 2021లో స్క్రీనింగ్ వయసును 50 నుంచి 45కు దించాయి, యాభై నిండని వారిలో ఈ జబ్బు పెరుగుతోందని. మన దేశంలో ఇది అక్కడికంటే తక్కువ. ప్రభుత్వ కార్యక్రమం కింద నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే స్క్రీనింగ్ ఉంది, పెద్దపేగుకు లేదు. కాబట్టి మనకు ఇంటికి డబ్బా రాదు, అడిగేవారూ ఉండరు. మనమే అడగాలి. ల్యాబుకు వెళితే "మలంలో రక్తం పరీక్ష" అనగానే కొన్నిచోట్ల ఆ పాత రసాయన పరీక్షే చేస్తారు. ఫిట్ కావాలని పేరుపెట్టి చెప్పాలి.

మనకు అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద "మొలలకు ఆపరేషన్ లేకుండా చికిత్స" అనే బోర్డులు చూడని ఊరు లేదు. మలంలో రక్తం పడగానే మొలలే అనుకుని, ఎవరికీ చెప్పలేక, లేపనాలూ పసర్లతో ఏడాది గడిపేస్తారు. చాలాసార్లు అవి మొలలే. అయితే ఆ మాట పరీక్ష చేసిన డాక్టరు చెప్పాలి, బోర్డు చెప్పకూడదు.

> ఇవి ఉంటే అది స్క్రీనింగ్ కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి
>
> మలంలో కంటికి కనిపించే రక్తం. వారాల తరబడి మారిన విరేచనాల తీరు. కారణం లేకుండా బరువు తగ్గడం. తగ్గని కడుపునొప్పి. మగవారిలో, ముట్లుడిగిన ఆడవారిలో ఐరన్ లోపంతో రక్తహీనత. కుడివైపు క్యాన్సర్ ఏళ్లతరబడి కొద్దికొద్దిగా రక్తం కార్చి ఆయాసం, నీరసంగానే బయటపడవచ్చు. వీటికి ఫిట్ నెగెటివ్ వచ్చినా సరిపెట్టుకోకూడదు. వయసు ముప్ఫయ్యే కదా అనీ అనుకోకూడదు.

పేరు చెప్పని జబ్బు

అమెరికాలోనూ ఒకప్పుడు దీని గురించి మాట్లాడేవారు కాదు. టీవీ వ్యాఖ్యాత కేటీ కూరిక్ భర్త 1998లో, 42వ ఏట ఈ క్యాన్సర్‌తో పోయాడు. 2000లో ఆమె తన కొలనోస్కోపీని దేశమంతటికీ టీవీలో చూపించింది. ఆ తర్వాత నెలల్లో పరీక్షకు వచ్చేవారి సంఖ్య స్పష్టంగా పెరిగిందని పరిశోధకులు లెక్కతేల్చారు.

ఇదంతా చెప్పాక మా బావమరిది, "అయితే డబ్బాతో కానిచ్చేస్తా బావా" అన్నాడు. సరేననబోయి, ఒక మాట అడిగాను. ఎందుకంటే ఈ ఎంపిక మామూలు ముప్పు ఉన్నవారికే. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే కొలనోస్కోపీయే చేయించుకోవాలి, అదీ 40 ఏళ్లకో, లేదా వాళ్లకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందో, ఏది ముందైతే అప్పుడు. లించ్ సిండ్రోమ్ లాంటి జన్యు లోపం ఉన్న కుటుంబాల్లో ఇరవైల్లోనే మొదలుపెట్టాలి. పేగు పూతతో ఏళ్ల తరబడి బాధపడుతున్న వారి లెక్కా వేరే.

"మామయ్యగారికి ఆపరేషన్ దేనికయిందిరా?"

"కడుపులో గడ్డ అన్నారు కదా బావా. నేనప్పుడు ఇంటర్."

ఇంట్లో అందరికీ తెలిసింది అంతే, కడుపులో గడ్డ. ఆ రాత్రి మా ఆవిడ అటక మీది పాత సూట్‌కేసు దింపించింది. పెళ్లి పత్రికలు, పొలం కాగితాల అడుగున, మడతల దగ్గర చిరిగిపోయిన డిశ్చార్జి కాగితం దొరికింది. ఇంగ్లీషులో రెండు పంక్తులు. పెద్దపేగు ఎడమభాగంలో క్యాన్సర్, వయసు 57. ఆయనను బాధపెట్టకూడదని ఆ రోజు పెద్దవాళ్లు దాచిన మాట అది. ఆ మాటే పిల్లలకు అందాల్సిన హెచ్చరిక. ఇరవై ఎనిమిదేళ్లు సూట్‌కేసులో ఉండిపోయింది.

ఫోటో తీసి డల్లాస్‌కు పంపాను. డబ్బా పక్కన పెట్టేసి వాడు కొలనోస్కోపీకి తేదీ తీసుకున్నాడు. కాగితం మళ్లీ మడవబోతూ మా ఆవిడ ఆగింది. వాడికి తండ్రి అయితే తనకీ తండ్రే. తనకు నలభై తొమ్మిది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాం, ఆ కాగితం చేతిలో పట్టుకుని.